పొగరు పార్టీ

మా అన్న బాలస్వామిని చర్చి పాటల బృందంలోంచి తీసేసింది 1982 క్రిస్మస్‌కి వారం ముందు. అందుకు కారణం పాట కాదు, డప్పు. ఆ డప్పు కొట్టింది మా ఆయన జక్రయ్య. కొట్టమని ఎగదోసింది నేను. అందుకని ఈ సంగతి నేను చెప్పడమే న్యాయం.

నా పేరు రెబ్కా. మాది మార్టూరుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. మిరపకోతలు, పత్తితీతలు, పొగాకు గ్రేడింగు, ఏ కాలంలో ఏ పని ఉంటే ఆ పనికి పోయేదాన్ని. జక్రయ్య రాళ్ళ క్వారీలో చేసేవాడు. అన్న గుంటూరు నుంచి కలకత్తాకి మిర్చి లోడు తోలే లారీ డ్రైవరు. మిషను ఆసుపత్రి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ చర్చికి ఇచ్చిన గిటారు మీద చిన్నప్పుడే వాయించడం నేర్చుకున్నాడు. లారీ మీద లేని ఆదివారాల్లో చర్చిలో వాడి పాటే పాట.

ఆ ఏడు అన్న గొర్రెల కాపరుల మీద పాట కట్టాడు. రక్షకుడు పుట్టాడన్న కబురు ముందుగా బయళ్ళలో పనిచేసుకునేవాళ్ళకి అందిందని, పెద్ద ఇళ్ళవాళ్ళకి ఆ తర్వాతే తెలిసిందని అందులో ఉంటుంది. రిహార్సలు రోజు మధ్యాహ్నం నేనే జక్రయ్యతో అన్నాను, "ఈ పాటకి తబలా ఆనదు, నీ డప్పు పట్రా" అని. జక్రయ్య గడ్డిమంట మీద డప్పు కాచుకొచ్చి, గుమ్మంలో నిలబడి మొదటి దరువు వేశాడు. బల్ల దగ్గరున్న పాస్టరు జయరావు అయ్యగారు రెండు చేతులూ ఎత్తి ఆపేశారు.

"జక్రయ్యా, ఆ చప్పుడు లోపలికి తేవద్దు. శవం ముందు కొట్టేది, ఊళ్ళో చాటింపుకి కొట్టేది అది. దాన్ని వదిలించుకునే కదా మన పెద్దవాళ్ళు ఇక్కడికొచ్చింది."

జక్రయ్య వెనక్కి తిరిగాడు. అన్న గిటారు మెడలోంచి తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"అది బయటుంటే నేనూ బయటేనండి అయ్యగారూ," అన్నాడు.

కోపంగా కూడా అనలేదు. టైరు పంక్చరైందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాతి ఆదివారం బృందంలోంచి వాడి పేరు తీసేశారు. ఆ తర్వాతి లోడుకి కలకత్తా వెళ్ళినప్పుడు అన్న పాత గిటారొకటి కొనుక్కుని, క్యాబిన్లో తన సీటు వెనక దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాడు.

మా మొదటి సొంత పాట అమ్మ పోయిన రోజులోంచి పుట్టింది. ఫిబ్రవరి నెల. నేను అద్దంకి దారిలో ఒక చేలో మిరపకోతలో ఉన్నాను. అమ్మ పోయిందని కబురొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. చెయ్యి కంటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పొద్దుటి నుంచి పండుకాయ కోసిన చేతులవి, కంట్లో పెడితే కళ్ళు పోతాయి. అందుకని తల పైకెత్తి, మొహం గాలికి పెట్టి, చేతులు దూరంగా చాపుకుని రెండు మైళ్ళు నడిచాను. దారిలో చూసినవాళ్ళు, "తల్లి పోతే ఇంత పొగరుగా నడుస్తదేంది ఈ పిల్ల," అనుకున్నారట. ఆ మాట తర్వాత నా చెవిన పడింది. అన్నకి చెప్పాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం గిటారు పట్టుకొచ్చి మా గడపలో కూర్చున్నాడు.

*కాయ కోసిన చేత్తో కన్నీళ్ళు తుడవలేను*
*తల పైకెత్తి నడిచానంటే పొగరని అనుకోకు*

"మిగతాది నువ్వు చెప్పు," అన్నాడు. నేను చెబుతూ పోయాను, వాడు వరసలో పెడుతూ పోయాడు. జక్రయ్య డప్పు తీయలేదు, రోటి మీద వేళ్ళతో మెల్లగా వాయించాడు. ఆ రోజు నుంచి మేం ముగ్గురం ఒక జట్టు.

నాలుగోవాడు మొహిద్దీన్ బాషా, మాకు భాయ్. ట్రంకు రోడ్డు మీద మార్టూరు దగ్గర లారీలు ఆగే టీ కొట్లో దొరికాడు. చీరాల పెళ్ళి బ్యాండులో బ్యాంజో వాయించేవాడు. చెక్కపెట్టె మీద తీగలుండి, టైపు మిషనుకున్నట్టు మీటలుంటాయే, ఆ బ్యాంజో. మేం కొట్టు పక్కన చింతచెట్టు కింద పాడుతుంటే, ఎర్రకోటూ బంగారు భుజకీర్తులూ వేసుకుని ఒక పెళ్ళికి పోతున్న మనిషి ఆగిపోయాడు. పాటంతా విన్నాడు. రెండోసారి పాడేసరికి మీటలు నొక్కుతూ మా పాట వెంట వచ్చేస్తున్నాడు. బ్యాండువాళ్ళు వ్యానులోంచి కేకలేశారు. భాయ్ ఎర్రకోటు విప్పి వ్యాను కిటికీలోంచి లోపలికి విసిరేశాడు.

"పన్నెండేళ్ళు ఊరేగింపుల్లో నడుస్తా వాయించా తమ్ముడూ. కూర్చుని వాయించాలని ఉంది," అన్నాడు.

మాకు కొన్ని కట్టుబాట్లు వాటంతటవే ఏర్పడ్డాయి. సినిమా పాట పాడం. ఎవరి భజనా చెయ్యం. పిలిచినవాడు ఎంతటివాడైనా జక్రయ్యని దూరంగా నిలబెట్టి కొట్టమంటే, నలుగురం లేచి వచ్చేస్తాం. ఈ మూడింటి వల్ల చాలాచోట్ల పాట మొదలుకాకుండానే గొడవైంది. ఒక తిరునాళ్ళలో ఒక పెద్దరైతు వరసగా సినిమా పాటలు అడిగాడు. అన్న, "మా దగ్గర లేవండి," అన్నాడు. "పోనీ నా మీదన్నా ఒకటి కట్టరా," అన్నాడాయన. "మీరు మిరపకాయ కోస్తే కడతానండి," అన్నాడు అన్న. జనం గొల్లుమన్నారు. ఆయన కండువా దులిపి, "పాటల పార్టీ కాదురా ఇది, పొగరు పార్టీ!" అని లేచి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఆ పేరే. మేమూ దాన్నే ఉంచుకున్నాం. జక్రయ్య క్వారీలో రాయి మీద నంబర్లు వేసే ఎర్రరంగుతో డప్పు అంచు మీద ఆ రెండు మాటలూ రాయించుకున్నాడు.

1985లో క్యాసెట్ల కంపెనీ ఏజెంటు ఒకడు వచ్చాడు. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు మమ్మల్ని పిలిపించుకుని పాడించుకున్నారు, అక్కడ విన్నాడు. మద్రాసు రమ్మన్నాడు, రికార్డు చేస్తామన్నాడు. మేం నలుగురం రైలెక్కాం. అబద్ధం ఎందుకు, నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

స్టూడియోలో పదిమంది వయొలిన్లు పట్టుకుని కూర్చున్నారు. సంగీతం చేసే ఆయన జక్రయ్య డప్పు చూసి, "దీనికి మైకు పగిలిపోద్ది. నువ్వు బయట కూర్చో బాబూ," అన్నాడు. మా కట్టుబాటు ప్రకారం ఆ క్షణమే లేచి వచ్చెయ్యాలి. మేం లేవలేదు. జక్రయ్యే, "పర్లేదు, కానివ్వండి," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నన్ను గొంతు తగ్గించి, ముద్దుగా పాడమన్నారు. నాలుగుసార్లు పాడాను. ఐదోసారి ఆయన, "అమ్మా, ఇది బజారు గొంతు. నువ్వు వరస మాత్రం చెప్పిపో," అన్నాడు. అన్న, వాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితం మీద ఏముందో తెలియకుండానే సంతకం పెట్టాడు. బయటికి వస్తే జక్రయ్య వరండాలో బల్ల మీద డప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చున్నవాడిలాగా. ఇప్పటికీ నాకు సిగ్గనిపించేది ఆ ఒక్క రోజే.

నాలుగు నెలలకి మార్టూరులో ఒక పెళ్ళి మైకులో ఆ పాట విన్నాం. ఎవరో ఒకావిడ తీయని గొంతుతో పాడుతోంది.

*మల్లె కోసిన చేత్తో కన్నీళ్ళు తుడవలేను...*

భాయ్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "మల్లెపూలు కోస్తే కళ్ళు తుడుచుకోడానికేం రోగం?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్యాసెట్టు కొని చూస్తే అట్ట మీద ‘జానపదం’ అని ఉంది. కట్టినవాడి పేరు లేదు. మా అమ్మ చావు ఎవరిదీ కాని పాటైపోయింది.

జక్రయ్య మద్రాసు వెళ్ళి తేల్చుకుంటానన్నాడు. అన్న నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, "తప్పు వాళ్ళది కాదు బావా. నిన్ను బయటికి పొమ్మన్నప్పుడు నేను కూర్చున్నాను చూడు, అదీ తప్పు," అన్నాడు. జక్రయ్య గ్లాసు అందించి, "సరేలే బావా, టీ తాగు," అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ సంగతి అక్కడితో తీరిపోయింది.

మన క్యాసెట్టు మనమే చేసుకుందామన్నది నేను. ఎక్కడ, ఎలా అని ముగ్గురూ నా మొహం చూశారు.

"బ్యారన్లో," అన్నాను.

పొగాకు కాల్చే, అంటే పచ్చి ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ చూసినవాళ్ళకి తెలుస్తుంది. పొడుగాటి గోడలు, పైన రేకులు, కిటికీలు ఉండీ లేనట్టు. లోపల ఆకు కట్టిన కర్రలు దించుతూ పైనున్నవాళ్ళని కేకేస్తే, ఆ కేక గుండ్రంగా తిరిగి మన నెత్తిన పడుతుంది. ఏళ్ళ తరబడి అందులో పనిచేసినదాన్ని, నా గొంతు నాకే నచ్చిన చోటు అదొక్కటే. మే నెలలో ఆకు కాల్చడం అయిపోయి బ్యారన్లు ఖాళీగా ఉంటాయి. కౌలురైతు ఆదెయ్యని అడిగితే, "పాడుకోండి. మా బ్యారన్ మీద కూడా ఒకటి కట్టండి మరి," అన్నాడు. భాయ్ బావమరిది హయాత్ కువైట్ నుంచి తెచ్చుకున్న టేపురికార్డరు పట్టుకొచ్చాడు. అతనికి చీరాలలో చిన్న క్యాసెట్ల కొట్టు ఉంది.

మిట్టమధ్యాహ్నం పని. పొద్దునా సాయంత్రం రోడ్డు మీద బళ్ళ రొద. మధ్యాహ్నం ఓ మూడు గంటల సేపు మాత్రం కాకి కూడా అరవదు. తలుపు మూస్తే గాలి లేదు, తెరిస్తే గాలి చప్పుడు. మూసేశాం. పాత పొగాకు వాసన, పైన కాలే రేకులు. పాట పాటకీ బయటికొచ్చి బిందె నీళ్ళు నెత్తిన పోసుకునేవాళ్ళం. మైకు ఒక్కటే. జక్రయ్య డప్పుని ఎంత దూరంలో పెట్టాలో హయాత్ అడుగులు కొలిచి చూశాడు. చివరికి జక్రయ్య మైకుకి ఎదురుగా నడిమధ్యన నిలబడ్డాడు, మేం ముగ్గురం అతని చుట్టూ సర్దుకున్నాం. నాలుగు రోజుల్లో ఎనిమిది పాటలు. కరెంటు ఉండేది కాదు, బ్యాటరీల మీదే నడిపించాం. ఆదెయ్య అడిగిన బ్యారన్ పాట ఆఖర్న పాడేసరికి బ్యాటరీలు నీరసించాయి. టేపు నెమ్మదిగా తిరిగింది, అందుకని కొత్త బ్యాటరీలు వేసి వినేటప్పుడు నా గొంతు సన్నగా, పరుగెత్తుతున్నట్టు వినిపించింది. హయాత్ మళ్ళీ చేద్దామన్నాడు. అన్న ఒప్పుకోలేదు.

"అది అట్టాగే పుట్టింది. అట్టాగే ఉండనీ."

తర్వాత తిరునాళ్ళలో జనం నన్ను ఆ పాట అలాగే పరుగెత్తించి పాడమని ప్రాణం తీసేవాళ్ళు. నాకు ఊపిరాడేది కాదు. అయినా పాడేదాన్ని.

అట్ట అద్దంకిలో శుభలేఖలు వేసే ప్రెస్సులో వేయించాం. వాళ్ళ దగ్గరున్న బొమ్మల అచ్చు ఒక్కటే, అటూ ఇటూ అరటిచెట్లు. అందుకని మా మొదటి క్యాసెట్టు పసుపు కాగితం మీద పెళ్ళిపిలుపులాగా ఉంటుంది. పైన పొగరు పార్టీ. కింద రచన, గానం బాలస్వామి, రెబ్కా. బ్యాంజో మొహిద్దీన్ బాషా. డప్పు జక్రయ్య. జక్రయ్యకి చదువు అంతంతమాత్రం. అట్ట చేతికిచ్చాక ఆ చివరి రెండు మాటల కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు. మళ్ళీ చదివాడు. "డప్పు అని అచ్చేశారే," అన్నాడు. మెచ్చుకోలో ఆశ్చర్యమో ఆ గొంతులో నాకు అంతుపట్టలేదు. నేను పక్కకి తిరిగి మొహం తుడుచుకున్నాను.

అమ్మిపెట్టడానికి కంపెనీలూ కొట్లూ లేవు మాకు. లారీలున్నాయి. అన్నకి తెలిసిన డ్రైవర్లు తలా నాలుగు తీసుకెళ్ళారు. మిర్చి బస్తాలు ఎక్కడెక్కడికి పోతే మా పాట అక్కడికి పోయింది. నాగపూరు దాబాల్లో, కలకత్తా గోడౌన్ల దగ్గర, ఒంగోలు బస్టాండులో. హయాత్ కొట్లో మిషను పగలల్లా ఒకటి తర్వాత ఒకటి కాపీ చేస్తూనే ఉండేది. ఆ దసరాకి అన్న నన్ను రోడ్డు మీదికి పిలిచి చూడమన్నాడు. గుంటూరు వైపు పోతున్న లారీ వెనక తలుపు మీద పసుపు అక్షరాలతో, పక్కన రెండు ఎర్రమిరపకాయల బొమ్మతో, ‘పొగరని అనుకోకు’ అని రాసుంది. అది ఎవరి లారీయో మాకు తెలియదు. తర్వాత అలాంటివి చాలా చూశాం. కానీ ఆ మొదటిది కనుమరుగయ్యేదాకా రోడ్డు మధ్యలో నిలబడి చూశాను. వెనక బస్సువాడు హారన్ కొట్టి తిట్టాడు కూడా.

జయరావు అయ్యగారు మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. నులక మంచం వాల్చాను. కాసేపు యోగక్షేమాలయ్యాక జక్రయ్య వైపు తిరిగారు.

"మా ఇంట్లో మీ క్యాసెట్టు ఉంది. సంతోషకుమారి కొన్నది." సంతోషకుమారి అమ్మగారు ఆయన భార్య. "పాటలు వింటాను. డప్పు వచ్చేసరికి లేచి పోతాను. మా నాన్న కూడా కొట్టేవాడు జక్రయ్యా. పిలిచినప్పుడు పోకపోతే చెట్టుకి కట్టి కొట్టేవాళ్ళు. ఆ చప్పుడుకి నాకు ఆ చెట్టే కనపడద్ది."

ఇంతకాలం ఆయన మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. జక్రయ్య కూడా తలొంచుకున్నాడు. కానీ మాట మాత్రం సూటిగానే చెప్పాడు.

"మీ నాయన, వాళ్ళు పిలిస్తే పోయి కొట్టాడు అయ్యగారూ. నేను నాకిష్టమైతే కొడతా. చర్మం అదే. చెయ్యి వేరు."

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళారు. చర్చిలోకి మళ్ళీ రమ్మని ఆయన అడగలేదు, వస్తామని మేమూ అనలేదు. ఆ తర్వాత ఎక్కడ కలిసినా ఆయనే ముందు వందనాలు చెప్పేవారు.

1987లో పత్తికి తెల్లదోమ వచ్చింది. గుంటూరు, ప్రకాశం అంతా ఎన్ని మందులు కొట్టినా చేలు నల్లగా మాడిపోయాయి. కూలికి పోయేవాళ్ళకి పని లేదు, రైతుకి పంట లేదు. కొంతమంది ఆ మందే తాగారు. అన్న ఆ ఏడంతా ఒక్కటే పాట కట్టాడు.

*తెల్లగా నవ్వుతుందని చేను కాచుకున్నాము*
*తెల్లదోమై వచ్చి నవ్వింది, ఎవరితో చెప్పుకుందాము*

అప్పటిదాకా మమ్మల్ని దూరంగా వినే రైతుల ఇళ్ళలో కూడా ఆ పాట పాడుకున్నారు. ఆ మరుసటి వేసవిలో అద్దంకి దగ్గరి ఊరి నుంచి వెంకటేశ్వరమ్మగారనే ఆవిడ ఎడ్లబండి కట్టించుకుని మా పల్లెకి వచ్చింది. తెల్లదోమ ఏడు భర్త పోయాడు. పొలం తనే చేయిస్తోంది. కూతురి పెళ్ళి.

"నా కూతురు మీ పాటలుంటేనే పీటల మీద కూర్చుంటానంటంది. మా ఆయన పోయినాక నేనూ మీ పాట ఒక్కటే విన్నాను. రావాలి," అంది.

అన్న జక్రయ్య వంక చూశాడు. జక్రయ్య ముందుకొచ్చాడు.

"వస్తామండి. కాకపోతే నేను పందిట్లో కుర్చీలో కూర్చుని కొడతా. భోజనాలు మీ బంధువులతో పాటు బంతిలోనే. వేరే ఆకులు, వేరే చోటు అంటే మాత్రం రాలేం."

ఆవిడ మెడ చుట్టూ కొంగు సవరించుకుంది. "మా బావగారు ఒప్పుకోడు," అంది మెల్లగా. బండి దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"పెళ్ళి చేసేది నేను. నేనేగా పిలిచింది. రండి."

ముహూర్తం పొద్దున. తాళి కట్టాక మా పాట. పందిట్లో నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. జక్రయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, డప్పు తొడ మీద నిలబెట్టుకుని, నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కూర్చుని కొట్టడం అతనికి అలవాటు లేదు, పదిరోజులు ఇంట్లో సాధన చేశాడు. మొదటి దరువు పడగానే పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. భాయ్ మీటల మీద వేళ్ళు పరుగెత్తాయి. గంటన్నర పాడాం. ఏ పాటా తగ్గించి పాడలేదు, నా బజారు గొంతు పందిరి దాటి రోడ్డు మీదికి వినపడేట్టే పాడాను.

భోజనాల బంతి వేశారు. మేం నలుగురం కూర్చున్నాం. ఎదుటి వరసలో ఉన్న వెంకటేశ్వరమ్మగారి బావగారు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన వెంట మరో పదిపదిహేనుమంది లేచారు. లేద్దామా అన్నట్టు అన్న వైపు చూశాను. వాడు విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు.

వెంకటేశ్వరమ్మగారు వడ్డించేవాడి చేతిలోంచి బుట్ట తీసుకుంది. "కూర్చుంటారా బావగారూ?" అని అడిగింది. ఆయన నిలబడే ఉన్నాడు. "అయితే రెండో బంతికి రండి," అని, వంగి జక్రయ్య విస్తట్లో అన్నం పెట్టింది. తర్వాత నాకు, అన్నకి, భాయ్‌కి. ఖాళీ అయిన విస్తళ్ళ ముందు, తన పత్తిచేలో పనిచేసే, అప్పటిదాకా గోడ పక్కన నిలబడ్డ కూలోళ్ళని కూర్చోమంది. వాళ్ళు కూర్చున్నారు.

గోంగూర పచ్చడి కారం నషాళానికి అంటింది. జక్రయ్య తొందరపడకుండా తిన్నాడు. పప్పుతో తిన్నాడు, పులుసుతో తిన్నాడు, పెరుగు రెండుసార్లు వేయించుకున్నాడు. లేచి వెళ్ళినవాళ్ళు బయట ఎండలో నిలబడే ఉన్నారు. మూడు దాటుతోంది, మేం లేస్తేగానీ రెండో బంతి వెయ్యరు.

"ఇంకాస్త అన్నం పెట్టమంటావా నాయనా?" అని అడిగింది వెంకటేశ్వరమ్మగారు.

"పెట్టండి," అన్నాడు జక్రయ్య.